నవలలలో మంచము పట్టిన బాలలు



కాళ్లు స్వాధీనము తప్పి నెలల తరబడి ఆసుపత్రిలో మంచముపై నుండు పదమూడు పదునాలుగేండ్ల పిల్లవానికి చదువుకొనుటకు ఏ పుస్తకము నీయవలెను? ఈ ప్రశ్న మొదట చిన్నదిగానే తోచును. రోగిని చూడబోవువారు పండ్లు తీసికొని పోవుదురు. పుస్తకము తీసికొనిపోవు అలవాటున్నవారు అంగడిలో బొమ్మలు బాగుగా నున్న దానిని కొని యిచ్చి వత్తురు. అంతటితో తమ పని తీరినదనుకొందురు. కాని ఆ పిల్లవానికి ప్రొద్దు గడచుట కష్టము. మన మొకసారి చదివి మూలబెట్టు కథను అతడు పదిసార్లు చదువును. మనము కథ ముగిసిన వెంటనే లేచి పనిమీద పోవుదుము. అతడు లేవలేడు, కథతోనే యుండిపోవును. కావున ఆ కథ యతనితో నేమి చెప్పుచున్నదో కొంత విచారించి చూడవలసి యున్నది.

ఇట్టి పిల్లలనే నాయకులుగను నాయికలుగను జేసి వ్రాసిన నవలలు పాశ్చాత్య దేశములలో నూటయేబది సంవత్సరములుగా వెలువడుచున్నవి. బాల్యము దాటి యౌవనమునకు రాని వయస్సువారి కొఱకై వ్రాయబడినవి వీనిలో పెక్కులు గలవు. వానిలో నైదింటిని మాత్రము తీసికొని, ముఖ్యముగా వాని ముగింపులను పోల్చి, నాకు తోచిన విషయమును మనవి చేయుదును. ముగింపులనే యేల యెన్నుకొంటినందురా? కథలో రోగియొక్క బాధను వర్ణించుట యెవరికైనను చేతనగును. ఆ బాధకు తుద యేమని చెప్పినారో, అందే రచయిత మనస్సు బయటపడును.

మొదటిది 1872లో అమెరికాలో వెలువడినది. పేరు 'వాట్ కేటీ డిడ్'. కేటీ యేమి చేసినది అని యర్థము. సూసన్ కూలిడ్జ్ అను మారుపేరుతో దీనిని వ్రాసినది సారా ఛాన్సీ వూల్సీ. ఆ దేశపు అంతర్యుద్ధకాలమున ఈమె నర్సుగా పనిచేసినది. కావున రోగియుండు గది యెట్టిదో యెఱిగియే వ్రాసినది. ఇందలి నాయిక కేటీ కార్ పండ్రెండేండ్ల పిల్ల. ఒకచోట నిలువదు, చెప్పిన మాట వినదు, చినగని గౌను తొడుగదు. కట్టెల కొట్టములో నొక క్రొత్త ఉయ్యాల కట్టిరి. దాని నెక్కవద్దని మేనత్త ఆజ్ఞాపించెను. ఏల యెక్కరాదో మాత్రము చెప్పలేదు. పెద్దలు చెప్పినది పిల్లలు చేయవలెనే గాని కారణము వారికేల యని యామె మతము. కారణ మేమనగా, ఉయ్యాలను పట్టియుంచు కొండి యొకటి బీటువారియుండెను. కేటీ యెక్కెను, ఊగెను, పడెను. వెన్నెముకకు దెబ్బ తగిలి, సుమారు నాలుగేండ్లు మేడపై గదిలో నుండిపోయెను.

ఈ నాలుగేండ్లలో ఆ యల్లరి పిల్ల యింటికి ప్రాణమైన తీరే కథ. హెలెన్ అను చుట్టమొకతె యామెను చూడవచ్చును. హెలెన్ కూడ చిరకాలముగా మంచమున నున్నదే. బాధ యొక పాఠశాల వంటిదనియు, అందు ఓర్పు, ఉల్లాసము, ఉన్నదానితో సరిపెట్టుకొనుట, ఆశ, శుభ్రత మొదలగు పాఠము లుండుననియు ఆమె బోధించును. తరువాత మేనత్త మరణింపగా కేటీ మంచముననే యుండి యింటి వ్యవహారమంతయు నడుపును. తుదకు నడక వచ్చును. ఒకనాడు మెట్లు దిగి క్రిందికి వచ్చును. కథ ముగియును.

రెండవది స్విట్జర్లాండు దేశస్థురాలైన యొహన్నా స్పీరి వ్రాసిన 'హైడీ'. అందు క్లారా నడచు భాగము 1881లో వెలువడినది. ఫ్రాంక్‌ఫర్టు నగరమున ధనికుల బిడ్డయైన క్లారా చక్రాల కుర్చీ విడిచి కదలలేదు. ఆమె తన స్నేహితురాలైన హైడీని చూడ ఆల్ప్సు కొండలకు వచ్చును. మేకలు కాచు పేతరు అసూయ పట్టలేక, ఆ కుర్చీని కొండపైనుండి క్రిందికి త్రోసివేయును. అది ముక్కలు ముక్కలగును. కొండగాలి, మేకపాలు, స్నేహితుల యాసరా - వీనిచే క్లారా అడుగుమీద అడుగు వైచి నడవ నేర్చును.

మూడవది ఎలినార్ పోర్టర్ 1913లో ప్రకటించిన 'పాలియానా'. పాలియానా పదునొకండేండ్ల అనాథ. ఏమి వచ్చినను అందు సంతోషింపదగిన దొకటి వెదకి పట్టుకొనుట యామె యాట. ఆ యాట పుట్టిన తీరు చిత్రమైనది. పేదపాదరియైన తండ్రికి ధర్మాత్ములు పంపిన పెట్టెలో తనకు బొమ్మ వచ్చునని పిల్ల యెదురు చూచుచుండగా, అందు చంకకర్రలు వచ్చినవి. ఏడ్చుచున్న పిల్లతో తండ్రి, వీని యవసరము నీకు లేదని సంతోషింపుమనెను. కొన్నేండ్లకు మోటారుకారు తగిలి ఆ పిల్లకే కాళ్లు పడిపోవును. అప్పు డా యాట యామెకు రాదు. ఊరివారందఱు వచ్చి తమకామె నేర్పిన యాటను తిరిగి యామెకు నేర్పుదురు. తరువాత దూరముననున్న ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. చివరి ప్రకరణము ఆసుపత్రినుండి యామె వ్రాసిన ఉత్తరము. అందేమున్నది? నడచితినని యున్నది.

మూడు దేశకాలములు, ముగ్గురు రచయిత్రులు, ముగ్గురు బాలికలు. ముగింపు మాత్ర మొక్కటే. కాళ్లు వచ్చును.

ఇందొక సూక్ష్మవిషయము గలదు. కేటీ కథలోని హెలెన్ నడువదు. పెద్దదైన హెలెన్ మంచమున నుండియే పదిమందికి ప్రియురాలుగ నుండవచ్చును. కాని నాయికయైన చిన్నపిల్ల మాత్రము లేచి తీరవలెను. అనగా, నడువలేని బ్రతుకు కూడ బ్రతుకే యని ఆ రచయిత్రి యెఱుగకపోలేదు. దానిని కథ తుదకుంచుటకు మాత్రము ఆమెకు చేయి రాలేదు. పైగా ఈ కథలలో నడక ఊరక రాదు. అల్లరి మానిన పిల్లకు, ఓర్పు నేర్చిన పిల్లకు, నలుగురికి ప్రీతిపాత్రమైన పిల్లకు వచ్చును. మంచి పిల్లకు భగవంతుడిచ్చు బహుమానము వలె వచ్చును. ఈ సంప్రదాయమును లోయిస్ కీత్ అను రచయిత్రి 2001లో ఒక గ్రంథమున విమర్శించినది. ప్రమాదమువలన తానును చక్రాల కుర్చీపై నుండవలసి వచ్చినదామె. రోగితో ఏసుక్రీస్తు పలికినట్లు బైబిలు చెప్పు మాట, పడక నెత్తుకొని నడువుమనునదియే, ఆ గ్రంథమునకు పేరు.

ఇందేమి దోష మందురా? ఆరోగ్యముగ నున్న పిల్లకు దోషము లేదు. కన్నీరు తుడుచుకొని సంతోషించును. కాని మంచముననున్న పిల్ల ఆ కథను మఱియొక విధముగా వినును.

నే నొకప్పుడు ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డునకు వారమున కొకనాడు పోయి కథలు చదివి వినిపించుచుంటిని. అచ్చట చింతచెట్టుపైనుండి పడి నడుము విరిగిన పండ్రెండేండ్ల బాలిక యొకతె యుండెను. ఆనాడు హైడీ కథను తెలుగున చెప్పుచుంటిని. పేతరు కుర్చీని కొండమీదినుండి దొర్లించిన ఘట్టమునకు రాగానే తక్కిన పిల్లలు పకపక నవ్విరి. ఈ బాలిక నవ్వలేదు. క్లారా నడచినదాక మాటలాడక విని, ఆ తరువాత, "మాస్టారూ, ఆ కుర్చీ మళ్ళీ ఎవరు కొనిపెట్టినారు?" అని యడిగెను. ఇక ఆ పిల్లకు కుర్చీ యక్కరలేదు గదా యని ప్రక్కమంచము పిల్లవాడు చెప్పెను. ఆమె యొప్పుకొనలేదు. "రాత్రిపూట కాళ్లు నొప్పి పుడితేనో?" అనెను.

ఆ ప్రశ్నలో ఆమె పరిస్థితి యంతయు నున్నది. నడచువారికి చక్రాల కుర్చీ యనగా రోగమునకు గుర్తు. అది విరిగిన రోగము విరిగినట్లే. ఆమెకో, అది కాళ్లు. వార్డు తలుపు దాటుటకు, కిటికీ యొద్దకు పోవుటకు, తల్లి వచ్చుదారి చూచుటకు ఆమె కున్న సాధన మదియే. కథలో దాని నెవడో కొండమీదినుండి త్రోసినాడు, అందఱు నవ్వినారు. ఆ కథ తన కొఱకు చెప్పినది కాదని యామె కప్పుడే తెలిసియుండును.

రచయిత్రులు పిల్లల మేలు కోరినవారే. ఐనను అందఱు నడకతోనే కథ ముగించిరి. అందుకు కారణమును ఆనాటి ఆసుపత్రులలో వెదకవలెను. దానికి ముందు కాళ్లు పడిపోవుట యనగా నేమో రెండు మాటలు చెప్పవలసి యున్నది.

వెన్నెముక లోపల చిటికెనవ్రేలి లావున, సుమారు మూరెడు పొడవున వెన్నుపాము అను నరముల కట్ట యున్నది. మెదడు కాలికి పంపు ఆజ్ఞ దీనిగుండ దిగును. కాలికి తగిలిన నొప్పి దీనిగుండ నెక్కును. ఇది తెగినచో, తెగిన చోటికి క్రింద కదలికయు స్పర్శయు రెండును పోవును. మూత్రముపై స్వాధీనమును తప్పును. తెగిన వెన్నుపాము తిరిగి అతుకుకొనదు. పోలియో యట్లు కాదు. ఆ రోగమునకు కారణమైన వైరస్ నోటిదారిని లోపల ప్రవేశించును. నూటికి ఒక్కరికన్న తక్కువమందిలో అది వెన్నుపాము చేరి, కండరములను కదలించు నరకణములను చంపును. కదలిక పోవును గాని స్పర్శ పోదు. మూడవది మెదడునకు సంబంధించినది. పుట్టుకకు ముందో, పుట్టుకలోనో, పుట్టిన కొలది కాలమునకో మెదడునకు హాని కలుగగా అవయవములు చెప్పినట్లు వినవు. చూచువారికి మూడును ఒకటే. ఆ పిల్లకు మూడును వేఱు.

వీనిలో వెన్నుపాము తెగినవారి గతి యొకప్పుడు మిక్కిలి దారుణము. మొదటి ప్రపంచ యుద్ధమున వెన్నుపాము దెబ్బతిన్న సైనికులలో చాలమంది కొలది నెలలలోనో, రెండుమూ డేండ్లలోనో చనిపోయిరి. చంపినది వెన్నుదెబ్బ కాదు. ఒకే ప్రక్కన పడియుండుటచే స్పర్శలేని చర్మము ఒరిసి పుట్టిన పడకపుండ్లు, మూత్రాశయమునకు పట్టిన చీము - ఇవి చంపినవి. వైద్యులు కూడ వీరి విషయమున చేయదగిన దేమియు లేదని యాశ వదలుకొనిరి.

ఈ యాశను తిరిగి నిలిపినవాడు లుడ్విగ్ గుట్మన్. ఇతడు జర్మనీలో నరముల వైద్యుడు. యూదుడగుటచే నాజీల బాధకు 1939లో ఇంగ్లండునకు వచ్చినవాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము రోగులకు ప్రత్యేకమైన వార్డు నాతని కప్పగించిరి. అతడు చేయించిన మొదటి పని యేమి? రోగిని రేయింబవళ్లు రెండు గంటల కొకసారి ప్రక్కకు తిప్పుట. మందు కాదు, శస్త్రము కాదు, ప్రక్కకు తిప్పుట. మూత్రాశయమును శుభ్రముగ కాపాడుట రెండవది. పుండ్లు మానినవి, రోగులు బ్రతికిరి. బ్రతికినవారిని మంచమున నుండనీయక పనులు నేర్పించెను, ఆటలాడించెను. 1948 జులై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఆ ఆసుపత్రి పచ్చికపై చక్రాల కుర్చీలలో కూర్చుండి పదునారుగురు బాణములు వేసి పందెములాడిరి. 1960లో రోము నగరమున జరిగిన పోటీలకును, నేటి పారాలింపిక్ క్రీడలకును మూలమిదియే.

ఇప్పుడు కథల సంగతికి వత్తము. వెన్నెముక విరిగినవాడు త్వరలో చనిపోవుననుట యనుభవమై యున్నంతకాలము, కథకునికి రెండే ముగింపులుండెను: లేచి నడచుట, లేక మరణించుట. పిల్లల పుస్తకమున నాయికను చంపుటకు మనసొప్పక నడిపించిరి. పోలియో వంటి రోగములచే కుంటివారై చిరకాలము జీవించినవారు లోకమున నెల్లప్పుడు నుండిరి. కాని వారు నాయకులుగా పనికివత్తురని పెక్కుమందికి తోచినట్లు లేదు. ఇరువదవ శతాబ్దపు నడిమికాలమున ఆసుపత్రులనుండి నడువలేనివారు సజీవులై, పనివారలై, వందలకొలది వెలికి వచ్చిరి. కథకు మూడవ ముగింపు దొరకెను. నడువకయే బ్రతుకుట. వైద్యశాస్త్రము మారినందుననే కథ మారెనని శపథము చేసి చెప్పను గాని, రెండింటికిని సంబంధము లేదనుట నాకు నమ్మశక్యము కాదు.

ఈ మూడవ ముగింపు గల పుస్తకములలో నేను మొదట నెన్నదగినది ఆలన్ మార్షల్ వ్రాసిన 'ఐ కెన్ జంప్ పడిల్స్'. నీటిగుంటలను దుమకగలను అని యర్థము. ఇది 1955లో ఆస్ట్రేలియాలో అచ్చయినది. పోలియో టీకా గుణకారియని ప్రపంచమునకు తెలిపినదియు ఆ సంవత్సరముననే. మార్షల్ 1902లో విక్టోరియా రాష్ట్రమున పుట్టి, ఆరవయేట పోలియోచే కాళ్లు పోగొట్టుకొన్నవాడు. తన బాల్యమునే నవలవలె వ్రాసెను. తండ్రి గుఱ్ఱములను మచ్చిక చేసి స్వారికి తీర్చువాడు. కొడుకు గొప్ప రౌతు కావలెనని కోరినవాడు. అట్టి యింట కొడుకునకు కాళ్లు పోయినవి.

ఆసుపత్రి ప్రకరణములు ఈ పుస్తకమున మిక్కిలి చక్కనివి. పిల్లవాని చుట్టును పెద్దవారైన రోగులు. వారి కోపములు, కోరికలు, రాత్రి మూల్గులు - అన్నియు వాడు వినుచుండును. వాడు దుఃఖించుటకు తీరిక లేనంతగా లోకమును చూచుచుండును. చూడవచ్చినవారి జాలి వాని కర్థము కాదు. వాని కాళ్లు చెడినవని విన్న ఊరివారు, తెలివి కూడ చెడినదా యని యడిగిరట! కుంటివాడను మాట ఇతరులు తనకు పెట్టిన పేరే గాని, తా నట్టివాడనని వానికి తోచదు. ఇంటికి వచ్చిన తరువాత చంకకర్రలతో తోటిపిల్లల వెంట తిరుగును, అగ్నిపర్వతపు బిలములోనికి దిగి తిరిగి పైకెక్కును, ఈత నేర్చును. గుఱ్ఱపుస్వారి నీకు సాధ్యము కాదని తండ్రియే యనగా, చాటున నేర్చుకొని యొకనాడు ఆ తండ్రి యెదుటికే గుఱ్ఱమెక్కి వచ్చును.

ఇందు గమనింపదగినది సాహసము కాదు. కాళ్లు రాలేదనునది. చివరి పుటలో కూడ చంకకర్రలు చంకక్రిందనే యున్నవి. పాలియానా పెట్టెలో వచ్చి పిల్ల నేడ్పించిన వస్తువే యిచ్చట పిల్లవానిని కొండ యెక్కించినది. వస్తు వొక్కటియే, చూచిన చూపు వేఱు.

కాని మార్షల్ పుస్తకముతో విచారణ ముగియదు. చేతులు బలముగానున్న పిల్లవానికి చంకకర్రలు, గుఱ్ఱము, ఈత. చేతులు కూడ లేనివాడో? మాట కూడ రానివాడో? సాహసమే విలువయైనచో, ఏ సాహసమును చేయలేనివాని విలువ యేమి? పూర్వకథలు నడువలేని పిల్లకు చోటీయలేదు. సాహసకథ లిచ్చట కదలలేని పిల్లకు చోటీయకపోవునేమో యని నాకు భయము.

ఈ భయమునకు సమాధానముగా నొక నవల 2000వ సంవత్సరమున అమెరికాలో వెలువడినది. పేరు 'స్టక్ ఇన్ న్యూట్రల్'; రచయిత టెర్రీ ట్రూమన్. ఇతని కుమారుడును ఇట్టి రోగమే గలవాడు. కథానాయకుడు షాన్ పదునాలుగేండ్లవాడు. కథ చెప్పువాడును అతడే. పుట్టుకలోనే మెదడునకు హాని కలిగినందున కన్ను, చేయి, నాలుక ఏదియు అతని స్వాధీనమున లేదు. అతని కేమియు తెలియదని వైద్యులును కుటుంబమువారును నమ్ముదురు. నిజమున కతడు విన్నదంతయు మఱువక జ్ఞాపకముంచుకొనును, హాస్యము తెలిసినవాడు, బ్రతుకన్న ప్రీతిగలవాడు. ఈ సంగతి యెఱిగినవారు ఇద్దఱే - అతడు, పాఠకుడు. తండ్రి ప్రసిద్ధ రచయిత. కొడుకు పడుచున్నదని తాననుకొను బాధను చూడలేక, వానిని చంపుట దయయగునేమో యని యతడు తలపోయుచున్నట్లు షానుకు తోచును. నే నిచ్చట సుఖముగ నున్నానని చెప్పుట కతనికి నోరు లేదు. తండ్రి యేమి చేసెనో చెప్పకయే కథ ముగియును.

ఇది కఠినమైన పుస్తకము. చిన్నపిల్లల చేతికీయరాదు. కాని యిందలి ప్రశ్నను మన మెవ్వరమును దాటిపోలేము. మంచముననున్నవాని లోపల నేమున్నదో వాని నడుగక మనమే నిశ్చయించుచున్నాము. ఊరివారు మార్షలు తెలివినిగూర్చి యడిగినదియు, షాను తండ్రి తలచినదియు ఒకే తప్పు. ఒకరిది అజ్ఞానము, మఱియొకరిది ప్రేమ. తప్పు మాత్ర మొక్కటే. జాలి సగములో నిలిచిపోయినచో తీర్పుగా మాఱును.

ఇంతవఱకు విన్నవారిలో కొందఱు, రోగికి ఆశ యక్కరలేదా, నడచిన కథలు విని నడువవలెనను కోరికయైనను కలుగదా, అని యడుగవచ్చును. మంచి ప్రశ్న. ఆశ కావలెను, ఆశ లేక యెవరును బ్రతుకరు. కాని ఆశ రెండు విధములు. నడక వచ్చుననునది యొకటి. నడక రాకున్నను బ్రతుకు వచ్చుననునది రెండవది. మొదటిది కొందఱికి సఫలమగును, కొందఱికి కాదు. కానివారికి మొదటి యాశ మాత్రమే నేర్పినచో, అది తెగిన దినమున వారి చేతిలో నేమియు మిగులదు. పైగా, మంచిపిల్లకు నడక వచ్చునని విన్న పిల్ల, తనకు రానప్పుడు తన మంచితనమునే శంకించుకొనును. ఇది రోగముమీద మఱియొక రోగము. రెండవ యాశ ఆ విధముగా మోసగింపదు.

ఆ రెండవ యాశకు కథలే యక్కరలేదు. మన ప్రక్కనే నిజమైన నిదర్శనము గలదు. తెలుగువారు వైద్యమునకై తరచుగా పోవు వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు మేరీ వర్గీసు పనిచేసెను. 1954లో జరిగిన మోటారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని, ఆమెకు నడుము క్రింది భాగము చచ్చుపడెను. నడక రాలేదు. కూర్చుండియే శస్త్రచికిత్సలు చేయనేర్చి, కుష్ఠరోగుల వంకరవోయిన చేతులను సరిచేసెను. తరువాత విదేశములలో శిక్షణ పొంది వచ్చి, అవయవములు చచ్చుపడినవారిని తిరిగి పనిపాటలకు తీర్చు శాఖకు వెల్లూరులో అధిపతియయ్యెను. 1972లో పద్మశ్రీ బిరుదము నందెను. 1986లో కాలధర్మము నొందెను. ఆమె కథను నవలగా వ్రాసినచో తుది పుటలో నడిపింపవలసిన పని లేదు.

మన దేశమున సహజమైన పోలియో వైరస్ సోకిన కడపటి రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చిలో దేశము పోలియో లేనిదిగా ప్రకటింపబడెను. ఇది గొప్ప విజయము. కాని చెట్లెక్కు పిల్లలు, తాటిచెట్టునుండి జారు గీతపనివారు, బండిమీదినుండి పడు యువకులు ఉన్నంతకాలము వెన్నెముకలు విరుగుచునే యుండును. కావున ఈ కథల యక్కర తీరలేదు.

కేటీని, హైడీని, పాలియానాను పాఱవైవుడని నేను చెప్పుట లేదు. కేటీ తన గదిని అందఱును వచ్చి కూర్చుండు చోటుగా మార్చిన తీరును చదివి నేర్చుకొనవలసినది చాల గలదు. అల్పమైన మాటలచే పిల్లను దిగాలుపడకుండ నిలిపిన పాలియానా యూరివారు నాకు మిక్కిలి యిష్టులు. కాని ఆ పుస్తకములు ముందుగా ఇంటిలో ఆడుకొను పిల్లల కీయుడు. మంచమున నున్న పిల్లకు ఇచ్చునప్పుడు ప్రక్కన కూర్చుండి, ఇది యొక పిల్ల కథ, అందఱి కథయు నిట్లే యుండనక్కరలేదు, అని మాటలాడుటకు తీరిక చేసికొని యిండు. మార్షల్ వంటివారి పుస్తకములు ఆరోగ్యవంతులైన పిల్లలు కూడ చదువవలెను. ఏలయన, రోగియైన పిల్లవాడు రేపు బడికి వచ్చునపుడు వాని ప్రక్క బల్లపై కూర్చుండవలసినవారు వారే.

ఇక పుస్తకము నెట్లు పరీక్షింపవలెనో చెప్పి విరమించెదను. కొనుటకు ముందు మూడు సంగతులు చూడుడు. ఆ కథలో రోగియైన పిల్ల తానై మాటలాడుచున్నదా, లేక ఆమెను గూర్చి యితరులే మాటలాడుచున్నారా? ఆమె కేదైన పనియు, కోపమును, స్నేహమును, నవ్వును ఉన్నవా, లేక ఓర్పు మాత్రమే యున్నదా? కడపట, నడక రానిచో ఆ కథ నిలుచునా, కూలునా? మూడవదాని కొఱకు పుస్తకమంతయు చదువవలసిన శ్రమ లేదు. ఆసుపత్రికి బయలుదేరుటకు ముందు చివరి నాలుగు పుటలు చదివి చూచిన చాలును.